వనజ తిలకం ఉండాదా?

పంకజాక్షి స్నానానికి వెళ్ళి గడియ వేసుకుందంటే, ఇంట్లో మిగతా ఇద్దరూ కాఫీ తాగి, పేపరు చదివి, రెండోసారి కాఫీ తాగినా ఆ తలుపు తెరుచుకోదు. తిరుపతి కొర్లగుంటలో వాళ్ళ వీధి వీధికంతా తెలిసిన సంగతే ఇది. ఆవిడ బయటికి వచ్చేసరికి జడ, చీర, నుదుట రూపాయి బిళ్ళకంటే పెద్ద ఎర్ర స్టిక్కరు బొట్టు, అన్నీ ఎక్కడివక్కడ అమరి ఉంటాయి. బొట్టు లేని ఆవిడ నుదురు చూసినవాళ్ళు లేరు. తాళి కట్టిన దామోదరం కూడా చూడలేదు. పేరు తెలియని పిల్లలు ఆవిడను పెద్దబొట్టమ్మ అంటారు.

ఆ రోజూ అంతే. ఎల్లుండి కూతురు రూపశ్రీ నిశ్చితార్థం. ఇల్లంతా సున్నం వాసన, వంటింట్లో చెనిక్కాయలు వేగుతున్న వాసన.

“అమ్మా, ఇంకా ఎంతసేపు? నేను తిరుచానూరు పోవాల. పెండ్లికూతురు ఆడ నాకోసం కూర్చోనుంటాది” అంది రూపశ్రీ తలుపు కొడుతూ.

“వస్తా ఉండాను. మీ నాయనకు దోసె పొయ్యి” అంది లోపలి గొంతు.

“మీ అమ్మను తొందర పెట్టొద్దు. తిరుమల క్యూలో అయినా ముందుకు జరుగుతాం గానీ, ఈడ కాదు” అన్నాడు దామోదరం. ఆయనకు గాంధీ రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి ఉంది. ఓపిక ఆ వ్యాపారంలో నేర్చుకున్నదే.

రూపశ్రీ పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేస్తుంది. ముహూర్తాల రోజుల్లో ఆ పిల్ల ఇంట్లో కనిపించడమే గగనం. బ్యాంకు పరీక్షలు రాయమని మొదట్లో పోరు పెట్టిన పంకజాక్షి ఇప్పుడు కూతురి గురించి వీధిలో గొప్పగానే చెప్పుకుంటుంది. కానీ తన మొహం మీద మాత్రం కూతురి చెయ్యి పడనివ్వదు. అదేమిటో ఆ పిల్లకు అర్థమయ్యేది కాదు.

పోనీ ఆవిడకు సింగారాలంటే గిట్టదా అంటే, అదీ కాదు. మేకప్ మాట వస్తే చాలు, పుట్టిల్లు నగరి కబుర్లు మొదలయ్యేవి. మోహిని స్నో, గులాబీ బొమ్మ ఉన్న పౌడరు డబ్బా, వాటన్నిటినీ మించి వనజ తిలకం. వేలెడంత గాజు సీసా, ఎర్ర మూత, ఆ మూతకే అతికించిన సన్నటి పుల్ల. దిద్దుకుంటే చల్లగా ఉండేది, ఆరేటప్పుడు నుదుటిని కాస్త లాగేది, చెమటకు కారేది కాదు. మగ్గాల వీధిలో ఆడపిల్లలు నలుగురు కలిసి ఒక సీసా కొని, నాకు ముందంటే నాకు ముందని కొట్టుకునేవాళ్ళు. పెళ్ళయి తిరుపతికి వచ్చాక కూడా చాలాకాలం ఆవిడ అదే వాడింది. తర్వాత ఒకరోజు గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫ్యాన్సీ అంగట్లో ఆ సరుకు ఇక రాదన్నారు. కంపెనీ మూతపడిందట. అప్పటి నుంచి స్టిక్కర్లే.

పంకజాక్షి మాత్రం అడగడం మానలేదు. కాణిపాకం వెళ్ళినా, చెన్నై వెళ్ళినా, కనిపించిన ప్రతి అంగట్లోనూ “వనజ తిలకం ఉండాదా?” అనే ప్రశ్న పడాల్సిందే. అమ్మేవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. తండ్రీకూతుళ్ళు పక్కన నిలబడి నవ్వు ఆపుకునేవాళ్ళు.

మధ్యాహ్నం రూపశ్రీ అలసిపోయి వచ్చింది. వచ్చీరాగానే అన్నం తిని, మేకప్ పెట్టె తెరిచి కుర్చీ ముందుకు లాగింది.

“అమ్మా, కూర్చో. ఎల్లుండికి నీకెట్లుంటాదో ఒకసారి వేసి సూస్తాను.”

“నాకెందుకే? పెండ్లికూతురివి నువ్వు.”

“ఫొటోల్లో నా పక్కన ఉండేది నువ్వే కదా. ఆ చీరకు ఇంత బొట్టు బాగుండదు. ఇదిగో, ఇది పెడతా” అని చిటికెనవేలి గోరంత స్టిక్కరు చూపించింది.

పంకజాక్షి చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. “వద్దు. నాకు ఇదే అలవాటు.”

“ఒక్కరోజుకే కదా.”

“వద్దంటే వద్దు. పోయి పండుకో పో.”

రూపశ్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఊర్లో తల్లులంతా నా ముందు మొహం పెట్టుకుని కూర్చుంటారు. నువ్వొక్కదానివే తాకనియ్యవు. నా పనంటే నీకు చిన్నతనం. బ్యాంకు పరీక్షలు రాయలేదని ఇంకా మనసులోనే పెట్టుకోనుండావు.”

“అట్లా ఎవురన్నారే? నీ పనికేమి, బంగారట్లా ఉండాది.”

“మరి ఏంది నీ బాధ?”

పంకజాక్షి కొంగుతో మెడ తుడుచుకుంది. “వనజ తిలకం ఉండింటే నాకీ బాధే లేకపోను” అంది మెల్లగా.

ఆ ఒక్క మాట రాకపోతే రూపశ్రీ ఊరుకునేదేమో. పొద్దుటి నుంచి నిలబడి పని చేసిన కాళ్ళు, పెళ్ళి హడావుడి, ఎన్నేళ్ళగానో దాచుకున్న ఉక్రోషం, అన్నీ ఒక్కసారి పైకి వచ్చాయి.

“మళ్ళీ అదే పాట. మూతపడిన కంపెనీ మీద ఉండే ప్రేమ కన్నబిడ్డ మీద లేదు నీకు” అంటూ ముందుకు వంగి, తల్లి నుదుటి మీది బొట్టు పీకేసింది.

అరటాకుల కట్టతో అప్పుడే గడపలోకి వచ్చిన దామోదరం అక్కడే ఆగిపోయాడు. మొగుడు ఉన్న ఆడదాని బొట్టు కూతురు తీసేసింది. ఆయన చేతిలోని ఆకులు జారిపోయాయి.

“నేనింకా బతికే ఉండాను కదే” అన్నాడు. అరవలేదు. అరిచి ఉన్నా బాగుండేది.

రూపశ్రీ ఆ మాట విన్నట్టు లేదు. తల్లి మొహం వైపే చూస్తోంది. నుదుటి మధ్య, బొట్టు ఉన్నంత మేరా తెల్లగా ఉంది. చర్మం రంగు పూర్తిగా పోయింది. పంకజాక్షి రెండు చేతులతో నుదురు కప్పుకుని గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

“తలుపెయ్యండి. ముందు వాకిలి తలుపెయ్యండి” అని మొగుణ్ణి బతిమాలింది.

దామోదరం తలుపు వేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. భార్య మోకాలి మీద చెయ్యి వేశాడు.

“ఇది బొల్లి. రూప బడికి పోతా ఉన్నప్పుడు వచ్చింది” అంది పంకజాక్షి, ఏడుపు మధ్య. “మొదట ఆవగింజంత ఉండె. నగరిలో మా పక్కింటి తాయమ్మక్కకు మెడ మీద ఇట్లాంటి మచ్చ ఉండె. ఆమె బిడ్డకొచ్చిన సంబంధాలన్నీ వాకిట్లో నించే వెనక్కి పోయినాయి. నేను కండ్లారా సూసినా. నా బిడ్డకూ అదే గతి అనుకున్నా. మచ్చ పెరిగేకొద్దీ బొట్టు పెంచుకుంటా వచ్చినా. తిలకమైతే ఎంత కావాలంటే అంత దిద్దుకోవచ్చు కదా, అందుకే ఎదుకుతా ఉండేది. అది పెట్టుకున్నన్ని రోజులూ నా నుదురు బాగుండె.”

“డాక్టరుకన్నా సూపించాల్సింది కదా పంకజా” అన్నాడు దామోదరం.

“ఈ ఊర్లో ఎవురి చెవిన పడకుండా యాడికి పోదును? పెండ్లికొడుకోళ్ళకు, ఆ పలమనేరోళ్ళకు తెలిస్తే ఇప్పుడు కూడా సంబంధం పోతాది.”

రూపశ్రీ కోపం ఎప్పుడో ఆవిరైపోయింది. తల్లి ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ చేతులు రెండూ మెల్లగా తప్పించి, మచ్చను వేలితో తాకింది.

“నొప్పా?”

“లేదు. ఒక్కోసారి దురద.”

“ఇంకెక్కడన్నా ఉండాదా?”

“లేదు. రోజూ అద్దంలో అన్నిచోట్లా సూసుకుంటాను కదా. ఈడ ఒక్కచోటే.”

గడియ వేసుకుని ఆవిడ అంతసేపు లోపల ఏం చేస్తుందో తండ్రీకూతుళ్ళకు అప్పుడు తెలిసింది. పొద్దున్నే వేసిన జోకు గుర్తొచ్చి దామోదరం తల దించుకున్నాడు.

రూపశ్రీ మచ్చ అంచు చూస్తోంది. గీసినట్టు గుండ్రంగా ఉంది. ఎక్కడా చెదరలేదు. స్టిక్కరు కొందరి చర్మానికి పడదని మేకప్ నేర్చుకునేటప్పుడు విన్న గుర్తు. “అమ్మా, నాకొక అనుమానం ఉండాది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం. బొల్లయినా పోదాం. అదేమన్నా అంటురోగమా, దొంగతనమా?”

సాయంత్రం చర్మం డాక్టరమ్మ దీపం దగ్గరికి జరిపి మచ్చను చాలాసేపు పరీక్షించింది. ఏ బొట్టు పెడతారు, రాత్రిళ్ళు తీస్తారా, మొదట ఎప్పుడు కనిపించింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఓపికగా అడిగింది. పంకజాక్షి పరీక్ష రాసే పిల్లలాగా చీర కొంగు నలుపుతూ జవాబులు చెప్పింది.

“ఇది స్టిక్కరు వెనక ఉండే గోందు వల్ల వచ్చిందమ్మా” అంది డాక్టరమ్మ. “కొందరి చర్మానికి ఆ గోందులోని మందు పడదు. రంగును తినేస్తుంది. మీరు దాచడానికి పెద్దవి పెట్టేకొద్దీ ఇదీ పెరిగింది. ఇది మీ అమ్మాయికి రాదు, ఆమె పిల్లలకూ రాదు.”

పంకజాక్షి వెంటనే నమ్మలేదు. “బిడ్డకు రాదా?” అని మళ్ళీ అడిగింది. రాదని డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది.

“స్టిక్కర్లు పూర్తిగా మానెయ్యండి. మందు రాసుకుంటే కొంత రంగు తిరిగి రావచ్చు. మొత్తం వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను.”

“రాకపోతే పోనీ లేమ్మా” అంది పంకజాక్షి. అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నో ఏళ్ళ భయం అది, ఒక్క గుక్కలో పోయేది కాదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుని కూతురి వైపు చూసింది. “వనజ తిలకమే మేలని చెప్తే నవ్వినారు కదా ఇద్దురూ.”

“ఇంక నవ్వము తల్లీ” అని రూపశ్రీ దండం పెట్టింది.

దామోదరం ఇంటికి వచ్చాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. “ఆ స్టిక్కర్లన్నీ నేనే తెస్తిని కదా. పెద్దవి కావాలంటే చెన్నై నించి కూడా తెప్పిస్తిని.”

“నేనడిగితేనే కదా తెచ్చినారు. గోందులో ఏముండాదో మీకేం తెలుసు, నాకేం తెలుసు” అంది పంకజాక్షి. “మొహం అట్లా పెట్టుకోవద్దు. నాకిప్పుడు ప్రాణం హాయిగా ఉండాది. అన్నం తినండి.”

నిశ్చితార్థం రోజు పొద్దున ఆవిడ తనంతట తానే వచ్చి కూతురి ముందు కుర్చీలో కూర్చుంది. రూపశ్రీ తల్లి మొహం తడిగుడ్డతో తుడుస్తూ, నుదుటి దగ్గరికి వచ్చి ఆగింది.

“ఇది పూస్తే మచ్చ కనపడదు. పూసేదా?”

పంకజాక్షి అద్దంలో చూసుకుంటూ ఆలోచించింది. “ఈపొద్దు పూస్తే పెండ్లికీ పూయాల, సీమంతానికీ పూయాల. నేను సచ్చేదాకా నీకదే పని. వద్దులే. కుంకుమ పెట్టు సాలు. వాళ్ళు అడిగితే నేనే చెప్తాను.”

పలమనేరు నుంచి పెళ్ళికొడుకు కిరణ్, తల్లి యశోదమ్మ, బంధువులు వ్యానులో దిగారు. వాళ్ళకు పాల డెయిరీ ఉంది. గంధం, పన్నీరు అయ్యాక, యశోదమ్మ చూపు పంకజాక్షి నుదుటి మీద నిలిచింది. చిన్న కుంకుమ బొట్టు చుట్టూ తెల్లగా కనిపిస్తూనే ఉంది. దామోదరం పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏంది వదినా అది?” అంది యశోదమ్మ.

పంకజాక్షి గొంతు సవరించుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. తిలకం, స్టిక్కర్లు, భయం, మొన్న డాక్టరు చెప్పింది, ఏదీ వదల్లేదు. యశోదమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. బయట రూపశ్రీ, అంతా అయిపోయింది అనుకుంది.

“వదినా, మా చెల్లెలు మునిరత్నమ్మకు అచ్చం ఇట్లాంటి మచ్చే” అంది యశోదమ్మ, గొంతు తగ్గించి. “నుదిటి మీదే. మేమంతా బొల్లనే అనుకున్నాము. దానికి పిలకాయల్లేరు, కిరణ్‌ను ఎత్తుకుని పెంచింది అదే. రేపు కొండకు పోవాలని అందురితో పాటు తీసుకొచ్చినాము. మీరు సూస్తే సంబంధం వద్దంటారేమో అని లాడ్జిలో కూర్చోబెట్టి వచ్చినా. ఆ డాక్టరమ్మ దాన్ని కూడా సూస్తాదా?”

పంకజాక్షి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సూస్తాది. గోందో, బొల్లో ఆమె చెప్తాది. ఏదైతేనేమి వదినా, పెంచిన మనిషిని గదిలో కూర్చోబెట్టేదేంది? ముహూర్తానికి ఇంకా పొద్దుండాది. నడండి.”

రైల్వే స్టేషను దగ్గర లాడ్జిలో మునిరత్నమ్మ నూలు చీరలో, నుదుట పెద్ద స్టిక్కరుతో తలుపు తీసింది. “అయిపోయిందా అక్కా? అబ్బోడు బాగుండాడా?” అని ఆత్రంగా అడిగి, వెనకున్న మనిషిని చూసి పక్కకు జరిగింది. ఆమె కళ్ళు పంకజాక్షి నుదుటి మీద ఆగిపోయాయి.

“ఇంకా మొదలే కాలేదమ్మా. చిన్నమ్మ లేకుండా తాంబూలాలు ఎట్లా మార్చుకుంటాము?” అంది పంకజాక్షి. “పట్టుచీర తెచ్చుకోనుండావా?”

మునిరత్నమ్మ తల ఊపింది. నిశ్చితార్థానికి తీసుకుపోరని తెలిసి కూడా తెచ్చుకుంది. పెట్టెలో అన్నిటికంటే అడుగున, కాగితంలో చుట్టి ఉంది ఆ చీర. అది చూడగానే యశోదమ్మ మంచం మీద కూలబడి చెల్లెలి చెయ్యి మొహానికి ఆనించుకుని ఏడ్చేసింది.

పంకజాక్షి చీర మడత విప్పి దులిపింది.

“ఏడ్సేది తరువాత ఏడుద్దురు వదినా. ముందు కుచ్చిళ్ళు పట్టుకోండి, పొద్దు పోతాది.”