మొదటి టోకెన్

గురునాథరావుకి ఎక్కడికెళ్లినా మొదటి టోకెన్ కావాలి. స్టీల్‌ప్లాంటు నుంచి రిటైరయ్యాక ఆయనకి మిగిలిన పదవి అదొక్కటే. ఆ పొద్దున కూడా, సీతమ్మధార డాక్టరుగారు ఇంట్లో పళ్లు తోముకుంటుండగానే, భార్య కాశమ్మని తెచ్చి క్లినిక్ బెంచీ మీద కూర్చోబెట్టాడు.

కాశమ్మ జబ్బేమో సాయంత్రప్పూట వచ్చేది. దీపం పెట్టే వేళకి ఎడమ రెప్ప వాలిపోయేది. మాట ముద్దయ్యేది. అన్నం నమల్లేక కంచంలోనే వదిలేసేది. పడుకుని లేస్తే అంతా మామూలే. ఆ మామూలు మొహాన్నే డాక్టరు ప్రతిసారీ చూసి, బలానికి మాత్రలు రాసేవాడు.

గురునాథరావు కూడా ఒక జబ్బు కనిపెట్టాడు. అపార్ట్‌మెంటు మీటింగులో తను ఎవరి నోరు ఎలా మూయించాడో రోజూ సాయంత్రం వివరిస్తుంటే, ఆవిడ కావాలనే కళ్లు మూసుకుంటోందని.

“నాను మాటాడితేనే నీకు నిద్దరొస్తాది. టీవీకి రాదు” అనేవాడు. టీవీ ముందు కూడా ఆ రెప్ప వాలేది. అది తెలియాలంటే ఆయన టీవీ మీంచి చూపు తిప్పాలి.

చివరికి కూతురు నీలిమ, అచ్యుతాపురంలో డ్యూటీ దిగి వచ్చి, ఒక సాయంత్రం తల్లిని వేరే డాక్టరుకి చూపించింది. ఆ తర్వాత రక్తపరీక్ష, స్కాను. స్కాను కవరు ఇంటికొచ్చిన రోజున కూడా గురునాథరావు గొణుగుడు ఆపలేదు.

“సివరి టోకెనంట. ఆ టైముకి డాక్టరుకి ఓపికేటుంటాది?”

“ఉంది నాన్నా. వాలిన రెప్ప మీద ఐసు పెట్టి చూశారు. రెప్ప లేచింది. దాంతోనే అనుమానం వచ్చింది.” నీలిమ కవరులోంచి స్కాను బయటికి తీసింది. “రొమ్ము ఎముక వెనక థైమస్ అని గ్రంథి ఉంటుందట. అందులో గడ్డ. అరుదుగా వస్తుందట. దానివల్లే అమ్మ కండలకి సత్తువ లేదు. గుండె పైపొరకి అంటుకుంది. మొత్తం తీయగలరో లేదో ఆపరేషన్లోనే తెలుస్తుందట.”

“మరి ముందే ఎల్లుంటే?”

“ముందే వెళ్లారు కదా నాన్నా. ప్రతిసారీ పొద్దున్నే.”



ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం, ఆస్పత్రి మంచం మీద కాశమ్మ రెప్ప మళ్లీ వాలింది. నర్సుని అడిగి ఐసు తెచ్చుకుని, జేబురుమాల్లో చుట్టి, కంటి మీద మెల్లగా ఆనించి కూర్చున్నాడు గురునాథరావు. కాసేపటికి రుమాలు తీశాడు. రెప్ప లేచింది. కాశమ్మ ఆయన్నే చూసింది.

“మాటాడరేటండీ?” అంది ముద్దముద్దగా. “కళ్లు మూసుకున్నా ఇన్నాళ్లూ ఇంటూనే ఉన్నాను. సెప్పండి.”

ఐసునీళ్లు ఆయన మోచేతి దాకా కారుతున్నాయి. రెప్ప మళ్లీ వాలేలోగా ఏదో ఒకటి చెప్పేయాలని గురునాథరావు నోరు తెరిచాడు. మొదటి మాటే దొరకలేదు.