కప్పు కిస్‌మిస్ ఎన్ని గ్రాములు?

డ్రైఫ్రూట్స్ కొట్టులో తూకం వేసే కుర్రాణ్ణి వీధంతా కాటాబాబు అంటారు. గ్రాము ఎక్కువ పోయడు, తక్కువ పోయడు. అంతటి ఘనుడు ఆ సోమవారం పప్పులో కాలేశాడు.

"కప్పు కిస్‌మిస్ ఎన్ని గ్రాములండీ?" అంటూ ఒకమ్మాయి స్టీలు కప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"నొక్కి పోసిన కప్పా, వదులుగా పోసిందా?"

"మా అమ్మమ్మ కప్పు."

"ఆవిడ నొక్కేవారా?"

"మా తాతయ్య నోరు తప్ప ఇంకేదీ నొక్కేది కాదు," అని ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

తర్వాత సంగతంతా చెప్పింది. పిన్ని బేకరీలో పనంతా గ్రాముల్లోనే. అమ్మమ్మ కేకుల పుస్తకమేమో కప్పుల్లో ఉంది. మంగళవారం సాయంత్రానికి అందులోంచి ఒక మంచి కేకు చేసి పెడితే కేకుల గది తనది. లేదంటే పిన్ని కొత్త మాస్టర్ని పెట్టేస్తుంది.

కాటాబాబు కప్పు వదులుగా నింపి కాటా మీద పెట్టాడు. "రెండొందల అరవై," అన్నాడు. ఆ అమ్మాయి రాసుకుని, రెండు కప్పులకి అయిదొందల ఇరవై గ్రాములు తూయించుకుని వెళ్ళింది.

మంగళవారం పొద్దున్నే ఒక పొట్లం, ఆ స్టీలు కప్పు పట్టుకుని వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"ఇది కేకు కాదు, కిస్‌మిస్ ముద్ద. మీది దొంగ కాటా."

కొట్టు యజమాని, అంటే కాటాబాబు బాబాయి, కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఆయన్ని ఏమైనా అనొచ్చు గానీ కాటాని అనకూడదు. పావుకిలో రాయి పెట్టి చూపించాడు. కాటా సరిగ్గా రెండొందల యాభై చూపించింది.

"అన్ని ఎక్కువున్నాయని చేతికి తెలీలేదా అమ్మా?"

"తెలిసిందండీ. కాటా కన్నా నా చెయ్యి గొప్పదా అనుకున్నాను."

బాబాయి అనుమానంగా ఖాళీ కప్పు పెట్టాడు. నూట పది గ్రాములు. అంటే కిస్‌మిస్ నూట యాభయ్యే.

"ఒరేయ్, కప్పు బరువు తీసెయ్యలేదా?"

కాటాబాబు తల దించుకున్నాడు.

"ఆరేళ్ళలో ఒక్కసారైనా మర్చిపోయావా నువ్వు? నిన్న నీకేమొచ్చింది?"

"ఆవిడ నవ్వారు బాబాయ్."

అమ్మాయి బాదంపప్పు డబ్బా మీది ధర రెండుసార్లు చదివింది. బాబాయి దగ్గాడు.

"వెళ్ళు. బేకరీలో నిలబడి సరిగ్గా తూచి ఇచ్చి రా."

ఆ రోజు కాటాబాబు ఒళ్ళు దగ్గర పెట్టుకుని తూచాడు. కిస్‌మిస్ వదులుగా. ఖర్జూరం గింజ తీసి, తరిగి, నొక్కి. ప్రతిసారీ ముందు ఖాళీ కప్పు పెట్టి సున్నా చేశాడు. ఆ అమ్మాయి పాపం గోడవైపు తిరిగి నిలబడింది, నవ్వొస్తే మళ్ళీ ప్రమాదమని.

సాయంత్రం పిన్ని ఒక ముక్క తింది. రెండో ముక్క తీసుకుంది. మూడోది నములుతూ, "రేపట్నుంచి కేకుల గది నీది," అని వెళ్ళిపోయింది.

అమ్మాయి స్టూలు మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పుస్తకంలో ఇంకా నలభై కేకులున్నాయి. తూచడానికి వస్తారా?"

"రోజూ వస్తాను. అన్నీ అయిపోయాక మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"నలభై కేకులయ్యాకా? అన్నాళ్ళు నేను ఆగలేనండీ. ఇప్పుడే అడగండి."

కాటాబాబు నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, ఖాళీ కప్పు కాటా మీద పెట్టి సున్నా చేశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సరే," అందా అమ్మాయి. "అడిగారనుకోండి. నాకిష్టమే."