జెండా లేవకముందు

గూఢచారి సెగావా చేయవలసినవి నాలుగు. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే యంత్రాలు సముద్రం అడుగున ఎక్కడున్నాయో తెలిసిన ఇంజనీర్ తొకునాగాను వెతకడం. విదేశీ ముఠా చేతుల్లోంచి అతడిని ప్రాణాలతో తప్పించడం. అందుకు ఒక రేవు ఊళ్లో ముందే మకాం వేసిన తమ ఏజెంట్ రేయికా సాయం తీసుకోవడం. ఊరివాళ్లకు ఏమీ తెలియనివ్వకపోవడం.

మూడో పని మొదటి రెండింటినీ ముంచింది.

చేపల టోకు వ్యాపారి వేషంలో బస్సు దిగి, సత్రంలో ఎర్ర ఉన్ని కోటు వేసుకుని కూర్చున్న రేయికాను కలిశాడు. “ఈ ఏడు స్క్విడ్ వేట ఆలస్యమట” అన్నాడు. “ఆలస్యమైనా రుచి తగ్గదు” అంది. కోడ్ సరిపోయింది. ఆమె పోసిన టీ తాగాడు. మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. రేవులోని ఐస్ గిడ్డంగిలో పడి ఉన్నాడు. పిస్టల్ లేదు, ఫోన్ లేదు, ట్రాన్స్‌మిటర్ దాచిన పెన్ను లేదు.

రేయికా గుమ్మంలో నిలబడి దాపరికం లేకుండా చెప్పింది. తొకునాగా తెల్ల స్పీడ్‌బోటులో చేపల అర కింద ఉన్నాడు. అలలకు అడ్డంగా కట్టిన గోడ దాటితే బయట ఓడ సిద్ధం. రహస్యం రాబట్టాక అతడితో పనిలేదు.

“ఇవాళ అబలోన్ నత్తల వేట. ఊళ్లో పడవలన్నీ నీళ్లమీదే. అందులో మాదొకటి. ఎవరు చూస్తారు?” అని తలుపు వేసి వెళ్లిపోయింది.

ఐస్ దిమ్మలు లాగే కొక్కెంతో తలుపు బందు ఊడబెరికేసరికి సెగావా అరచేయి చీలిపోయింది. పోలీసు చౌకీకి పరుగెత్తాడు. తాళం. ఉన్న ఒక్క కానిస్టేబులూ మత్స్య సంఘం కాపలా పడవ ఎక్కాడు.

రేవులో చిన్న పడవలన్నీ నీళ్లమీద కట్టిన తాడు గీతకు ఇవతల బారులు తీరి ఉన్నాయి. ఇంజన్లు ఆపేశారు. అందరి చూపూ సంఘం మేడమీది జెండా కర్రమీదే. ఏడాదిలో కొద్ది పొద్దులే ఈ వేట. జెండా లేచేదాకా గీత దాటకూడదు, నత్తలు పీకే గెడ ముంచకూడదు. అలా దాటినవాడితో ఆ ఊళ్లో అన్నదమ్ములు కూడా మాట్లాడరు.

అలల గోడను ఆనుకున్న గట్టు పక్కన ఒక్క పడవే మిగిలింది. అందులో కెసానో అనే ముసలావిడ కొక్కెపు గెడ సవరించుకుంటోంది. ఆమె భర్త నిరుడు పోయాడు. తోడు పట్టేవాళ్లు లేక వెనకబడింది. సెగావా ఆ పడవలోకి దూకి గూఢచారులనీ, ఓడ అనీ, హత్య అనీ ఒక్క ఊపిరిలో చెప్పాడు.

“పొద్దున్నే తాగావా, నాయనా?”

రేవు మధ్యలోని చిన్న దీవి చాటునుంచి తెల్ల బోటు కదిలింది. సెగావా అటు చెయ్యి చూపించాడు.

“అవ్వా, అందులో ఒక మనిషి ఉన్నాడు. గోడ దాటితే చంపేస్తారు. నీ కాళ్లు పట్టుకుంటాను.”

ఆమె అతడి చేతినుంచి కారుతున్న నెత్తురు చూసింది. తర్వాత బోటు వంక చూసింది.

“ఇలా చెబితే ఈ మొద్దులు తల కూడా తిప్పరు” అని పలకమీద నిలబడి గొంతెత్తింది. “ఒరేయ్, దొంగలు. జెండా లేవకముందే నత్తలు పీకి పట్టుకుపోతున్నారు.”

బారు మొత్తం ఒక్కసారి తిరిగింది. ఇంజన్లన్నీ మోగాయి. బోటులో ఎర్ర కోటు కనపడగానే ఒకడు రేయికా తాతముత్తాతలను బూతులతో పలకరించాడు. కాపలా పడవ కూడా వెంటపడింది. తెల్ల బోటు వేగం పెంచి గోడలోని సందు వైపు తిరిగింది. అందరికంటే ఆ సందుకు దగ్గరున్నది కెసానో.

“దిగు. నీకు ఈత వచ్చేలా లేదు” అని గెడ మొనతో సెగావాను గట్టు మీదికి తోసేసింది. అతడు లేచేలోగా ఆమె పడవ సందుకు అడ్డం తిరిగింది.

స్పీడ్‌బోటు ఆగలేదు. చెక్కలు ఎగిరిపడ్డాయి. ఆమె లంగరు తాడు బోటు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. గోడ ఇంకా దాటకుండానే ఇంజన్ ఆగిపోయింది.

సంఘం పెద్ద ఒయికావా బోటులోకి దూకి అర మూత ఎత్తాడు. కాళ్లూ చేతులూ కట్టేసి ఉన్న తొకునాగా ఊపిరి పీలుస్తున్నాడు. ఒయికావా అతడిని పక్కకు జరిపి మూలమూలా వెతికాడు.

“నత్త ఒక్కటీ లేదే” అన్నాడు దిగులుగా.

కానిస్టేబుల్ బేడీలు వేసి గట్టుకు తెచ్చిన రేయికా సెగావాను అడిగింది. “నత్తల కోసం ఇంతమందా?”

అతడు అప్పటికే గట్టు అంచుకు పరుగెత్తాడు. నీళ్లలోంచి కెసానోను పైకి తీస్తున్నారు. మంచులాంటి ఆ నీళ్లు ఆమె గుండెను అప్పటికే ఆపేశాయి. సెగావా తన కోటు ఆమెకు కప్పి, చీలిన చేత్తోనే ఛాతీ నొక్కుతూ ఉండిపోయాడు. ఒయికావా టోపీ తీసి పక్కనే మోకాళ్లమీద కూర్చున్నాడు.

ఆరోజు జెండా ఎత్తలేదు. తర్వాత సముద్రం అల్లకల్లోలమై ఆ ఏడు వేటే లేకపోయింది.

డిపార్ట్‌మెంట్ రిపోర్టులో ఆమె మరణం పడవ ప్రమాదం. ఊళ్లో మాత్రం ఇప్పటికీ అబలోన్ వండినప్పుడల్లా ఆ ఏడాది నోటిదగ్గరి కూడు చెడగొట్టిందని తిట్టి, మొదటి ముక్క ఆమె పటం ముందు పెడతారు. ఆమె పూర్తి పేరు కుమగాయి కెసానో. మీరు తిట్టనక్కర్లేదు. గుర్తుంచుకోండి, చాలు.