మట్టికి అందని ముఖం

"దేవదానం గారూ, ఈ రోజు మీ చర్మం చాలా ఆరోగ్యంగా ఉంది" అంది గోడకున్న చర్మదర్శిని అద్దం.

దేవదానం తెల్లవారుజామునే చనిపోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించి, ఏడవాలో పలకరించాలో తేలక చెప్పులు విడుస్తున్నారు. అతని బుగ్గల్లో నిగారింపు పోలేదు, పెదవుల మీద తడి ఆరలేదు, నుదుటి మీద ముడత లేదు. డెబ్బై దాటిన మనిషి మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టున్నాడు. భార్య సువార్త లేచి దర్శిని మీద దుప్పటి కప్పింది. అది దుప్పటి చాటునుంచే "తేమ సరిపడా ఉంది" అని అభినందించింది. దాన్ని పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు.

బాపట్లలో ఇప్పుడు అందరి చావులూ ఇలాగే ఉంటున్నాయి. ఎండలు మనుషుల్ని కాల్చుకు తింటున్న కాలంలో వచ్చింది నిత్యపూత. పుట్టినప్పుడో పెరిగాకో ఒక్కసారి ఒళ్లంతా పూయించుకుంటే చాలు. అందులోని కంటికి కనపడని జీవులు తేమను తాగుతూ, చర్మానికి కావలసిన సరుకంతా అవే తయారు చేసి పెడతాయి. సువార్త ఆ కంపెనీలోనే పదార్థవాచకురాలిగా పనిచేసింది. పూతలో ఏది ఎందుకుందో కొనేవాళ్లకు విడమరిచి చెప్పడం ఆమె ఉద్యోగం.

"గ్లిజరిన్ గాలిలోని తేమను లాగి చర్మానికిస్తుందమ్మా. సెరమైడ్లు ఇటుకల మధ్య సున్నంలా కణాల మధ్య నిలబడి ఆ తేమను బయటికి పోనివ్వవు. జింక్ ఆక్సైడ్ ఎండను వెనక్కి కొడుతుంది. పరిరక్షకం క్రిముల్ని దగ్గరికి రానివ్వదు." ఇలా ఎన్ని వేలమందికి చెప్పిందో లెక్కలేదు. అందరూ తలూపి పూయించుకున్నారు. ఇది ఎప్పుడు ఆగుతుంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చెప్పే ఆమెకే తోచలేదు, వినేవాళ్లకెలా తోస్తుంది!

నిన్న సాయంత్రం దేవదానం ఆమె చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క కోరిక కోరాడు. "నన్ను దహనశాలకు పంపకు సువార్తా. నిప్పంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. పిల్ల దగ్గర పెట్టు నన్ను."

"పెడతాను. ఒట్టు" అంది సువార్త.

పిల్ల అంటే కెజియా, వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పదేళ్ల కిందట, కాలేజీకి పోయే వయసులో, విషజ్వరం ఎత్తుకుపోయింది. సముద్రం ముందుకొచ్చాక ఊరి సమాధుల తోటలో నడుం లోతు తవ్వితే చాలు, ఉప్పునీళ్లు. అందుకే ఇంటికి ఒక్కటే సమాధి. ఇంట్లో మరొకరు పోతే పాత సమాధి తెరిచి, మిగిలిన ఎముకల్ని తెల్లగుడ్డలో మూటగట్టి తలవైపు పెట్టి, కొత్త పెట్టెను దించుతారు. ఒకరి పక్కన ఒకరు ఒదిగిపోవడం అక్కడి ఆనవాయితీ. పూత పూసుకుని పోయినవాళ్ల సమాధి తెరవడం మాత్రం ఊళ్లో ఇదే మొదటిసారి.

సమాధి తెరిపించడానికి వెళ్లిన మరిది మోషే మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"వదినా, నువ్వోసారి రావాలి."

"ఏమైంది?"

"పాప... పాప అలాగే ఉంది."

వాళ్లు వెళ్లేసరికి, కుళ్లిన పెట్టె చెక్కల్ని తీసి పక్కన పడేసి, తోట కాపరి గాబ్రియేలు పార మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. గుంటలో కెజియా పడుకుని ఉంది. తెల్ల గౌను పోగులు పోగులైపోయింది. ముఖం మాత్రం పెట్టె మూసిననాటి ముఖమే. చిన్నప్పుడు గడప తగిలి చీలిన కనుబొమ, గడ్డం మీది పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి.

సువార్త ఎవరు ఆపుతున్నా ఆగకుండా గుంటలోకి దిగింది. "లే తల్లీ. అమ్మనొచ్చాను. లే!" అని భుజం పట్టుకుని కుదిపింది. పైనున్నవాళ్లు తలలు తిప్పుకున్నారు. పిల్ల లేవలేదు. బుగ్గ మీద చెయ్యి వేస్తే మెత్తగా, తడిగా తగిలింది. ఇంకాస్త నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అక్కడేమీ లేదు. మనిషి ఎప్పుడో మట్టిలో కలిసిపోతే, పూత మాత్రం మట్టిలోని తేమను తాగుతూ ఆ రూపాన్ని నిలబెట్టింది. పైన పటారం లోన లొటారం అని జనం నవ్వుతూ వాడే సామెత, కన్నతల్లి వేలికొసకు తగిలింది.

గట్టు మీంచి పాస్టరుగారు గొంతు తగ్గించి అన్నారు. "అమ్మా, రూపం చెదరని దేహాన్ని కదపడానికి నియమం ఒప్పుకోదు. రెండో పెట్టెకు ఇందులో చోటు లేదు. దేవదానం గారిని చీకటి పడేలోగా దహనశాలకు పంపాలి."

"ఆయన నిప్పంటే భయపడతారండీ అయ్యగారూ!"

మోషే వంగి చెయ్యి అందించాడు. "పైకి రా వదినా, మూసేద్దాం. అన్నయ్యకు ఇక ఏం తెలుస్తుంది? పాప ఇలాగే ఉంటుంది. నీకు ఎప్పుడైనా చూడాలనిపిస్తే..." అని ఆగిపోయాడు.

ఆ మాటే ఆమెను పట్టుకుంది. ఇలాగే ఉంటుంది. తను బతికున్నన్నాళ్లూ ఇక్కడ, ఈ మూరెడు మట్టి కింద, ఈ ముఖం ఉంటుంది. ఇంతకంటే ఇంకేం కావాలి? ఇచ్చిన మాటదేముంది, పోయినవాడు వచ్చి అడుగుతాడా? అలా అనుకోగానే, నిన్న తన చెయ్యి పట్టుకున్న దేవదానం వేళ్లు గుర్తొచ్చాయి.

పూత కొనేవాళ్లకు చివరగా ఆమె ఒక హెచ్చరిక చెప్పేది. నీటికి చెక్కుచెదరని పూత నూనెకు కరిగిపోతుంది, ఒంటికి తగలనివ్వకండి అని. అందుకే ఊళ్లో తలంటు పోసుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆవకాయన్నం కూడా చెంచాతోనే కలుపుకుంటారు.

"మోషే, నూనె పట్రా."

"ఎందుకు వదినా?"

"నువ్వుల నూనె. పచ్చళ్ల కోసం ఉంచింది వంటింట్లో ఉంది. సీసా మొత్తం పట్రా."

అతనికి అర్థమయ్యేసరికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వెళ్లి తెచ్చాడు.

సువార్త గుంటలో కాళ్లు బారజాపుకు కూచుని, పసిబిడ్డకు స్నానం చేయించేటప్పటిలా కూతుర్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. బరువే లేదు. పాదాల దగ్గర మొదలుపెట్టింది. నూనె పడిన చోట పూత మెరిసి, ముడతలు పడి, జారిపోతోంది. దాని కింద ఇంత మట్టి, ఇంత ఎముక. "ఇంకొంచెమే నాన్నా, అయిపోయింది" అంటూనే ఉంది. తన అరచేతుల మీది పూత కూడా కరిగి, ఎన్నో ఏళ్లుగా ఆమే చూడని ముసలి చేతులు బయటపడ్డాయి.

ముఖం దగ్గర ఆగిపోయింది. గేటు దగ్గరికి దేవదానం పెట్టె వచ్చేసింది. ఎండ వాలుతోంది.

"అయ్యగారూ, ఈ ముఖమొక్కటీ ఉండనివ్వండి" అని చేతులు జోడించింది. ఆయన గేటు దగ్గరి పెట్టె వైపు చూశారు. ఒడుపుగా విడదీసి కొంగు చాటున ఇంటికి తీసుకుపోతే? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే భయం వేసింది. ఇంకో నిమిషం ఆగితే అంతపనీ చేస్తుందని తెలిసి, సీసాలో మిగిలినదంతా దోసిట్లో పోసుకుంది.

"కళ్లు మూసుకో తల్లీ, మండుతుంది" అని రాసింది.

తెల్లగుడ్డ మూట కట్టి తలవైపు పెట్టాక, "మీ అన్నయ్యను దించండి" అంది. పైకొచ్చి గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మట్టి వేసి బయటికొచ్చేసరికి తోట గేటు దగ్గర, కెజియా సంగతి విని వచ్చిన జనం. ఎవరూ శవాన్ని తేలేదు. వాళ్లలో ఎవరింట్లోనూ ఆ రోజు చావు లేదు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులూ, భార్యల్ని పోగొట్టుకున్న మగవాళ్లూ, "మాది తెరవవయ్యా, ఒక్కసారి చూసి మూసేస్తాం" అని గాబ్రియేలు కాళ్లావేళ్లా పడుతున్నారు. అతను ఎవరికి అడ్డం పడాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

పక్కవీధి మార్తమ్మ వచ్చి సువార్త చెయ్యి పట్టుకుంది. చెరువులో మునిగిపోయిన ఆమె కొడుకు సమాధి గోడ వారగా ఉంది. "నిజమేనా అమ్మా? అలాగే ఉందా మీ అమ్మాయి?"

"నీకు దణ్ణం పెడతాను, చూడకు మార్తమ్మా" అంది సువార్త. "చూస్తే నీ చేతుల్తో నువ్వే మళ్లీ పోగొట్టుకోవాలి."

మార్తమ్మ ఆ నూనె చేతుల వంక చూసింది. అంతా అర్థమైంది ఆమెకు.

"మళ్లీ పోగొట్టుకోవాలంటే ముందు దొరకాలి కదమ్మా" అని, గాబ్రియేలు చేతిలోని పార లాక్కుని గోడవైపు పరుగుతీసింది.