ముందు లేచినవాళ్లకు రికార్డు లేదు

"ముందు నేను పట్టుకున్న సార్."

"లేదు మేడమ్. మీ చెయ్యి పడేసరికే నా చెయ్యి దాని మీదున్నది."

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో, నాగప్ప పాత రికార్డుల దుకాణంలో, ఒక ఖవ్వాలి రికార్డును ఆ కొసన నవత, ఈ కొసన అఖిలేష్ పట్టుకుని లాగుతున్నారు. బయట వాన దంచి కొడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు. శుభారంభమని ఎవరూ అనరు.

నాగప్ప కళ్లద్దాల మీదుగా చూశాడు. "అట్ట చినుగుతది, విడువుండ్రి. పోయి బెంచి మీద కూసోండ్రి ఇద్దరు."

ఆ దుకాణానికో పద్ధతుంది. కొనేది ఎవరైనా సరే, రికార్డును ఒక పక్క పూర్తిగా విన్నాకే అమ్ముతాడు నాగప్ప. అట్ట మీది బొమ్మ చూసి కొనుక్కుపోయి గోడకు తగిలించుకునేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. ఒకే రికార్డును ఇద్దరడిగితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినాలి. పాటలు అయిపోకముందే ఎవరు లేస్తే వాళ్లకు రికార్డు లేదు. బీదర్ నుంచి వచ్చి ఇక్కడ దుకాణం తెరిచిన నాటి నుంచీ ఆయన ఈ పద్ధతి మార్చలేదు, దుకాణం పెరగనూ లేదు.

బెంచీ చిన్నది. మోచేతులు తగలకుండా కూర్చోవడమే ఒక పని. ఖవ్వాలి ఊపందుకుని, చప్పట్లు జోరెక్కిన సమయానికి అఖిలేష్ గడియారం చూసుకుని లేచాడు.

"పనున్నది, పోత. మీరే తీస్కోండ్రి మేడమ్."

గెలిచానని నవత మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

నవత పక్క మండలం న్యాల్‌కల్‌లో వ్యవసాయ విస్తరణాధికారి. వారమంతా కంది చేలూ, పత్తి చేలూ తిరిగి, మందుల పేర్లు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకుంటుంది. శనివారం సాయంత్రం మాత్రం నాగప్ప దుకాణం. ఆమెకు ఇది నచ్చుతుంది, అది నచ్చదు అనేది లేదు. ఒక వారం మరాఠీ అభంగాలు, ఒక వారం షెహనాయి, ఇంకో వారం ఇల్లు అదిరేలా ఇంగ్లిషు డ్రమ్ములు. వాళ్లమ్మ మనోరమ చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసిన రోజులున్నాయి.

అఖిలేష్ ఊళ్లోనే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆ తర్వాత ప్రతి శనివారమూ వచ్చాడు. విచిత్రం, నవత ఏది తీస్తే అదే అతనికీ కావాలి.

"అభంగాలు గూడ మీకు కావాలెనా సార్? మరాఠీ వస్తదా?"

"రాదు. మీకొస్తదా?"

"జర జర వస్తది."

"అయితే అర్థం చెప్పుండ్రి. వింట."

చెప్పింది. పాటకూ పాటకూ నడుమ అతను కాలేజీ పిల్లల కబుర్లు చెబితే, ఆమె పొలాల కబుర్లు చెప్పింది. పురుగుల మందు డబ్బా చూపించి, ఇందులో కూల్‌డ్రింక్ వాసనొస్తోంది ఎందుకని అడిగిన రైతు సంగతి చెప్పినప్పుడు అఖిలేష్ ఎంత నవ్వాడంటే, నాగప్ప సూది ఎత్తి, "పాట వింటరా, ఇకిలిస్తరా" అని గద్దించాడు.

కానీ ప్రతిసారీ, సరిగ్గా చివరి పాటకు ముందు, అతను లేచి వెళ్లిపోయేవాడు. ఒకనాడు పేపర్లు దిద్దాలంటాడు. ఒకనాడు చుట్టాలొచ్చారంటాడు. రికార్డు చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తూ నవత అదే తలపోసేది. ఒక్క పాటసేపు కూడా ఎక్కువ కూర్చోలేనంత విసుగా నేనంటే? వచ్చేది పాటల కోసం, మాట్లాడేది మొహమాటానికి. అనుకున్నకొద్దీ గుండెలో కలుక్కుమనేది. అలా అనిపిస్తోందంటే అతనంటే తనకు ఇష్టమని అర్థం కదా. ఆ అర్థం కూడా ఆమెకు తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే సంగప్ప మామ సంబంధం తెచ్చాడు. అబ్బాయిది బీదర్, బ్యాంకు ఉద్యోగం, వంక పెట్టడానికేమీ లేదు. ఆదివారం చూసుకోవడానికి వస్తామన్నారు. మామ శనివారం సాయంత్రమే వచ్చి కూర్చున్నాడు, జవాబు పట్టుకునే వెళ్తానని.

"ఏమంటవు బిడ్డా?" అంది మనోరమ.

"జర దుకాణం దాక పోయొచ్చి చెప్తనమ్మా."

"పెండ్లికి, పాటల దుకాణానికి ఏం సంబంధమే?"

ఉంది. ఈరోజు అతను చివరిదాకా కూర్చుంటే ఈ సంబంధం వద్దని చెప్పాలి. లేచిపోతే సరేనని చెప్పాలి. నవత దారిలో తనలో తాను చేసుకున్న ఒప్పందం అది.

ముసురు పట్టింది. ఆమె వెళ్లేసరికి అఖిలేష్ అక్కడే ఉన్నాడు. నాగప్ప శివభక్తుల కన్నడ వచనాలు పాడిన రికార్డొకటి తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. నవత ఎన్నాళ్ల నుంచో అడుగుతున్న రికార్డు.

"దొరికింది బిడ్డా. కానీ ఈ సార్ గూడ అడుగుతుండు" అన్నాడు నాగప్ప. "కూసోండ్రి మరి."

కూర్చున్నారు. సన్నని గొంతు, వెనక ఒక్క తంబూరా. మామూలుగా అయితే నవత కళ్లు మూసుకుని వినేది. ఈరోజు ఒక్క ముక్క వినలేదు. పక్కన చెప్పుల చప్పుడు కోసం భయం భయంగా చెవి ఒగ్గి కూర్చుంది.

చివరి పాట మొదలు కాకముందే అఖిలేష్ లేచాడు.

"పనున్నది. వస్త మేడమ్."

అతను గడప దాటి ముసురులోకి వెళ్లిపోతున్నాడు. ఇంట్లో మామ కూర్చుని ఉన్నాడు. ఒప్పందం ప్రకారం అంతా తేలిపోయినట్టే. తేలిపోయిందని మనసు ఒప్పుకుంటే కదా.

ఆమె లేచింది.

"బిడ్డా, పాట అయిపోలే. లేసినవంటే రికార్డు రాదు" అన్నాడు నాగప్ప.

"పోనీ కాకా."

సందు మలుపులో అందుకుంది. "సార్, ఒక్క మాటడుగుత. నా పక్కన కూసునుడు అంత కష్టమా మీకు?"

అఖిలేష్ ఆమెనూ, ఖాళీ చేతులనూ చూశాడు. "మీరు లేసి వచ్చిన్రా? ఆ రికార్డు మీకెంత ఇష్టం..."

"అడిగింది చెప్పుండ్రి."

"కష్టమేంది మేడమ్. మీ పక్కన కూసుందామనే కదా మీరు తీసినవన్నీ నాకు గూడ కావాలన్న."

"మరెందుకు లేస్తరు?"

"లేవకుంటే మీకు రికార్డు రాదు కదా. అది చేతికొచ్చినప్పుడు మీ ముఖం నేను ఈ మలుపుల నిలబడి చూసుకుంటుంటి. చూసి పోతుంటి."

"మీ ఇంట్ల పాటలు దేంట్ల వింటరు?" అంది నవత.

అఖిలేష్ తల గోక్కున్నాడు. "రికార్డు ప్లేయర్ లేదు మేడమ్. ఆనాడు దుకాణంలకొచ్చింది వానకు తడవొద్దని. ఆ ఖవ్వాలిని మీరు అంత ముద్దుగ చూస్తుంటే, అండ్ల ఏమున్నదో అని చెయ్యి పెట్టిన."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "ఇష్టమని చెప్తే అయిపోవు కదా సార్. నేను మీకు విసుగనుకున్న. ఇంకో గంటయితే బీదర్ సంబంధానికి సరేనంటుంటి."

"అనకుండ్రి." అతను ఒక అడుగు ముందుకేశాడు. "నాకు మీరంటే పానం."

దుకాణం గడపలోంచి నాగప్ప కేకేశాడు. "ఇద్దరు లేస్తే నేనెవలకియ్యాలె ఈ రికార్డు?"

జవాబు చెప్పేలోపే నవత ఫోను మోగింది. అమ్మ.

"ఏం బిడ్డా, మామ చెప్పులేసుకుంటుండు. ఏం చెప్పాలె?"

"వద్దని చెప్పమ్మా."

అవతల గిన్నె దించిన చప్పుడు.

"ఎవలన్న ఉన్నరా?"

నవత తలెత్తి చూసింది. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, జవాబు కోసం నిలుచున్న ఫిజిక్స్ లెక్చరరు. "ఉన్నడమ్మా. గీడనే ఉన్నడు. ముసురుల తడుస్తుండు."

"నువ్వు?"

"నేను గూడ."

"ఇద్దరికిద్దరు తెలివిగలోళ్లే ఉన్నరు" అంది మనోరమ. "ఇంటికి తీస్కరా. చాయ్ పెడుత. మీ మామను పోనియ్య, పిలగాన్ని చూసే పోతడు."