ఉపసంహరించిన కప్పు

పొరుగు దేశాల ఎత్తుగడలను అంచనా వేసే ఆ ఆఫీసులో అందరూ అతన్ని ఆచితూచి అని పిలిచేవారు. పక్క దేశం తుమ్మితే అది జలుబా, హెచ్చరికా అని ఆరు పేజీలు రాసే రకం. ఎదుటి టేబుల్ అనువాదకురాలిది. మొదటి రోజే ఇద్దరికీ చెడింది.

"వాళ్ల మంత్రి 'ఆలోచిస్తాం' అన్నాడు. నేను అదే రాసిచ్చాను. ఈ ఆరు పేజీలు ఎక్కణ్నుంచి పుట్టాయండీ?" అందామె.

"ఒప్పుకోబోమని అర్థం కావచ్చు. ఒప్పుకుంటామనీ కావచ్చు."

"ఆలోచిస్తారని కూడా కావచ్చుగా."

టీ ఫ్లాస్కు అతని టేబుల్ మీద ఉండేది. తగవు నడుస్తుండగానే ఆమె కప్పు అక్కడ కాపురం పెట్టింది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కప్పు పక్కన లేనిదే అతనికి పని సాగేది కాదు.

ఒక సోమవారం ఆమెకు వేరే ఊరికి బదిలీ ఉత్తరం వచ్చింది. ఇష్టమైతే వెళ్లొచ్చు. శుక్రవారం నాలుగింటికల్లా జవాబివ్వాలి.

"వెళ్లమంటారా?" అనడిగింది.

వద్దంటే ఒత్తిడి చేసినట్టు. వెళ్లమనడానికి నోరు రాదు. తటస్థంగా ఉండటమే క్షేమమనుకుని, "మీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు కప్పు మాయం.

కోపమా? పరీక్షా? అసలేమీ లేదా? తనకు తెలిసిన విద్య ఒక్కటే కనుక కాగితం తీసి, తను నీలి దేశం, ఆమె పసుపు దేశం అని గళ్లు గీసి, ఎవరి ఎత్తుకు అర్థమేంటో రాశాడు. గీసేకొద్దీ అయోమయం ఇంకా ముదిరింది. ఆ కంగారులో కాగితం కాస్తా వారపు నివేదికలో కలిసిపోయింది.

శుక్రవారం మీటింగులో పెద్దసారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "నీలి దేశం భూభాగం నుంచి పసుపు దేశం కప్పును ఉపసంహరించుకుంది. ఏం కప్పయ్యా ఇది?"

భూమి చీలితే దూరిపోదామనిపించింది ఆచితూచికి. అనువాదకురాలు తల దించుకుంది. నవ్వుతోందో, నొచ్చుకుందో అంతుబట్టలేదు.

"సరే, ఏదో ఒక కప్పు," అన్నారు సారు. "కానీ ఈ నీలి దేశం ఉత్త మొద్దు. తను నోరు విప్పదు, అవతలివాళ్ల మనసు మాత్రం కనిపెట్టాలంటుంది. పసుపు దేశం ఏమనుకుంటుంది? తను అక్కర్లేదనుకుని వెళ్లిపోతుంది."

మీటింగ్ అయ్యేసరికి మూడున్నర. ఆమె వరండాలో అతని కోసం ఆగింది.

"కప్పు పిడి విరిగిందండీ. పారేశాను."

"అంతేనా?"

"అంతే. అడిగితే చెప్పేదాన్ని."

మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నది విరిగిన పిడి కోసమా అని అతనికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మరి బదిలీ?"

"ఇన్ని దేశాల మాటలు తర్జుమా చేశాను. మీ 'మీ ఇష్టం' ఒక్కటే కొరుకుడు పడలేదు. దాని అర్థమేంటి?"

"అది... ఆరు పేజీలుంటుంది."

"నాలుగింటికి జవాబివ్వాలి. ఒక్క వాక్యంలో చెప్పండి."

"వెళ్లొద్దు. మీరంటే నాకు ప్రాణం," అన్నాడు. రెండు వాక్యాలయ్యాయి.

ఆమె సీటుకెళ్లి జవాబు రాసి పెద్దసారుకిచ్చి వచ్చింది. అవునని రాసిందో, కాదని రాసిందో తెలియక అతను తన టేబుల్ దగ్గర తచ్చాడాడు.

ఆమె సంచిలోంచి కొత్త కప్పు తీసి అతని టేబుల్ మీద పెట్టింది.

"బుధవారమే కొన్నాను. ఎక్కడ పెట్టాలో తెలియక దాచాను," అంది.

అతను కప్పు కేసి చూశాడు. "పిడి నా వైపు పెట్టారంటే దానర్థం..."

"టీ పొయ్యమని," అందామె.