చేతికి బిగిసిన గాజులు

కోడుమూరులోని ఆ ఇంట్లో పొద్దు పొడవకముందే రొట్టెలు తట్టే చప్పుడు మొదలవుతుంది. అది వినబడితే తప్ప గిడ్డయ్యకు తెల్లారినట్టే ఉండదు. ఈమధ్య ఆ చప్పుడు తడబడుతోంది. నాలుగు దెబ్బలు పడి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ రెండు పడతాయి. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ వింటున్న గిడ్డయ్య విసుక్కున్నాడే గానీ, ఎందుకు ఆగిందని ఒక్కరోజూ లేచి చూడలేదు.

ఆ రోజు కూడా గిడ్డయ్య భార్య వెంకటేశ్వరమ్మ వేడినీళ్లతో జొన్నపిండి పిసికి, ముద్దను పీట మీద పెట్టింది. నాలుగుసార్లు తట్టేసరికి కుడిచేతి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్లు జివ్వుమని లాగి మొద్దుబారిపోయాయి. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో తట్టింది. రొట్టె ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వచ్చింది. అంచులన్నీ పగిలాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇలాంటి రొట్టె పెనం మీద వేసి ఎరుగదు. ఏడుపు కూడా రానంత అలసటగా ఉంది ఆమెకు.

గిడ్డయ్య కంచంలోని రొట్టెను ఎత్తి చూశాడు.

"ఏమే, ఇది రొట్టెనా, పిడకనా? తినేది మనుషులా, గొడ్లా?"

"ఈ పొద్దుకు తిను. రేపు బాగా చేస్తాలే."

"రేపు రేపని నెల నుంచి ఇదే తినిపిస్తాండావు. నీకు పని మీద మనసే ల్యా."

ఆమె మజ్జిగ చెంబు అందించబోయింది. చెంబు వేళ్లలోంచి జారి, మజ్జిగంతా గిడ్డయ్య పంచె మీద పడింది.

"చెంబు పట్టుకునేది కూడా చాతగాదా!" అని ఇల్లు అదిరిపోయేలా అరిచాడు.

వాకిలి ఊడుస్తున్న కోడలు శివజ్యోతి చీపురు అక్కడే పడేసి లోపలికి వచ్చింది. అత్త ముఖం చూసింది, మామ పంచె చూసింది. గబగబా గదిలోకి పోయి, విప్పని కవరులోనే ఉన్న నల్లటి మణికట్టు పట్టీని తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"అత్తా, ఇది బియ్యం డబ్బాలో యాంటికుండాది?"

"జ్యోతీ, నువ్వూరుకో."

"ఊరుకోను. మామా, మా చెల్లెలింటికని చెప్పి మేం కర్నూలు డాక్టరు కాడికి పోయింటిమి. అత్త మణికట్టులో నరం నలుగుతాందంట. ఇన్నేండ్లు రొట్టెలు తట్టి, బట్టలు పిండి అట్లయిందంట. కొన్నాళ్లు ఆ పనులు ఆపల్ల, రాత్రి పట్టీ కట్టుకుని పడుకోవల్ల, గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టుకోవల్ల. అట్ల చేస్తే ఇంట్లోనే శానావరకు తగ్గుతాదని చెప్పినాడు. నేను రొట్టె చేస్తానంటే పొయ్యి కాడికి రానియ్యదు, మామకు నచ్చదంటాది. ఈ చెయ్యి పడిపోతే ఎవరికి నచ్చుతాది?"

గిడ్డయ్య ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి పట్టీ కట్టుకునేదానికేం రోగం?" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

"ముందు గాజులు తీయమన్నాడు మామా. వాపుకు బిగిసిపోయినాయి."

"సబ్బు పూసి లాగితే రావా?"

"లాగి చూస్తిని. రాలేదు," అంది వెంకటేశ్వరమ్మ తల ఎత్తకుండా. "పగలగొట్టల్ల."

వెంకటేశ్వరమ్మ బావ చనిపోయినప్పుడు బావి గట్టున ఆమె అక్క గాజులు పగలగొట్టారు. అప్పుడు అక్క చేతిని గట్టిగా పట్టుకున్నది వెంకటేశ్వరమ్మే. ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

"పోయినేడు నీ గుండెకు బాగలేక ఆసుపత్రిలో ఉంటివి. నువ్వు తిరిగి ఇంటికొచ్చిన పొద్దు ఏసుకున్యా ఈ గాజులు. నువ్వుండంగా వీటిని నా చేతులారా ఎట్ల పగలగొట్టుకునేది? చెయ్యి పోతే పోనీ."

గిడ్డయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. దాన్ని కంచంలో పెట్టి లేచి పెరట్లోకి పోయాడు. కోపమొచ్చి పోయాడనుకుంది ఆమె. కాసేపటికి గోరువెచ్చటి నీళ్ల బేసిను, సబ్బు, శనగనూనె గిన్నె పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"చెయ్యి ఇట్ల తే."

సంతలో బేరమాడేటప్పుడు తప్ప ఓపిక అంటే ఏమిటో ఎరగని మనిషి, గాజులమ్మే మలారమాయన కంటే నెమ్మదిగా ఆ వేళ్లను దగ్గరికి ఒత్తి ఒక్కొక్క గాజునే జరిపాడు. వాచిన చెయ్యి ఎంత వేడిగా ఉందో, ఎంత బరువెక్కిందో అప్పుడు తెలిసింది ఆయనకు. ఆమె పళ్లు బిగించింది. అన్నీ వచ్చాయి, అడుగున ఉన్న గాజు మాత్రం కదల్లేదు. ఆయన గాజు కింద తువ్వాలు అంచు దోపి, పైన కూడా కప్పి, పొయ్యి దగ్గరి పట్టకారు అందుకున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు! అరిష్టం!"

"మొగుడు సచ్చినాక ఊరోళ్లు పగలగొడితే అది అరిష్టం. బతికుండే మొగుడు తన చేత్తో తీస్తే అరిష్టమెట్లయితాదే? నీ చెయ్యి పోయినాక నేనుండి ఏం లాభం?"

తువ్వాలులో చిన్న చప్పుడైంది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా గిడ్డయ్య అలాగే ఉన్నాడు. ముక్కలన్నీ ఏరి, ఎక్కడైనా గీసుకుందేమోనని మణికట్టు తిప్పి చూస్తున్నాడు. గాజులున్న చోట ఎర్రటి గాడి పడి ఉంది. శివజ్యోతి పసుపు పూసిన దారం తెచ్చింది. బోసి చెయ్యి ఉండకూడదని దాన్ని ఆయనే వదులుగా కట్టాడు. ఆ చేతిని బేసినులోకి దించాడు.

శివజ్యోతి పొయ్యి ముందు కూర్చుంది. కొత్త చేతుల రొట్టె చప్పుడు మొదలైంది. ఆ వేళప్పుడు ఊరికే కూర్చోవడం వెంకటేశ్వరమ్మకు చేతకావడం లేదు. గిడ్డయ్య కంచం దగ్గరికి లాక్కుని, పగిలిన అంచుల రొట్టెను ఆఖరి ముక్క దాకా తిన్నాడు.

"బట్టలు రేపటి నుంచి నేను పిండతా," అన్నాడు.

"ఊళ్లో నవ్వుతారు."

"నవ్వనీ." ఆయన కాసేపు నీళ్లలోని ఆ చేతినే చూశాడు. "నొస్తాందా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన అడగడం ఇదే మొదటిసారి. బాగుండాదిలే అనబోయింది, అలవాటు కొద్దీ. అనలేదు.

"నొస్తాంది," అంది. "శానా నొస్తాంది." అని, కోడలు చూస్తోందన్న సిగ్గు కూడా మరిచి, పెద్దగా ఏడ్చింది.